దుర్సున్ వైపు అద్దం

టర్కీలోని ఎర్జురూంలో చలికాలం కారున్నవాళ్ళు మూడు పనులు చేసి పడుకోవాలి. బ్యాటరీ విప్పి ఇంట్లోకి తెచ్చుకోవాలి. వైపర్ల స్విచ్ ఆపి ఉందో లేదో చూసుకోవాలి. వైపర్లు రెండూ అద్దం మీంచి లేపి నిలబెట్టాలి. మూడోది మరిచిపోతే తెల్లారేసరికి రబ్బరు అద్దానికి అతుక్కుపోతుంది. రెండోది కూడా మరిచిపోతే తాళం తిప్పగానే మోటారు కాలిన వాసన వస్తుంది. మొదటిది మరిచిపోతే ఏ వాసనా రాదు, కారు కదలదు.

గుల్‌పెరి ఆరేళ్ళుగా ఈ మూడు పనులూ తప్పకుండా చేస్తోంది. నాలుగో పని, అంటే పొద్దున్నే అద్దం మీద పేరుకున్న మంచు గీకడం, ఆమె భర్త దుర్సున్ చేస్తాడు. దుర్సున్ చనిపోయి ఆరేళ్ళయింది.

రోజూ ఐదున్నరకి వాకిట్లోంచి గరగరమని చప్పుడు వస్తుంది. బతికుండగా పాత క్యాసెట్టు డబ్బా మూతతో గీకేవాడు, ఇప్పుడూ దాంతోనే. పక్కింటి హాతూన్ అవ్వ ఆ చప్పుడు వినే కోడలిని లేపుతుంది. "దుర్సున్ వచ్చాడు, టీకి సమోవర్ వెయ్యి" అంటుంది. చప్పుడు ఆగాక వెళ్ళి చూస్తే డ్రైవరు వైపు సగం అద్దం శుభ్రంగా ఉంటుంది. పక్క సీటు వైపు సగం తెల్లగానే ఉంటుంది. తను కూర్చునే వైపు మాత్రమే గీకడం దుర్సున్‌కి మొదటినుంచీ అలవాటు.

గుల్‌పెరి కెతెలు చేస్తుంది. వెన్నలో వేయించిన పిండి కూరిన రొట్టెలవి. రోజూ నూట ఇరవై కెతెలు కొండమీది స్కీయింగు క్యాంటీనుకి వెళ్ళాలి. కారు నడిపేది మరిది మెవ్లుత్. ఆమెకీ లైసెన్సు ఉంది. పెళ్ళైన కొత్తలో తీసుకున్నది, ఇప్పుడు బల్లగుడ్డల కింద సొరుగులో ఉంటోంది. దుర్సున్ ఉన్నప్పుడు స్టీరింగు ముట్టుకోనివ్వలేదు. దుర్సున్ పోయాక మెవ్లుత్ ముట్టుకోనివ్వలేదు. కాబట్టి పంతొమ్మిదేళ్ళుగా ఆమె పక్క సీట్లో, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని, తెల్లటి అద్దాన్ని చూస్తూ కూర్చుంటోంది. హీటరు వేడెక్కి మంచు కరిగేసరికి కొండ సగం ఎక్కేసి ఉంటారు. దారి కనపడదు కనక ఇంజను వింటూ కూర్చునేది. గేరు ఎప్పుడు మార్చాలో మెవ్లుత్ కన్నా ముందు ఆమెకే తెలిసిపోయేది.

మెవ్లుత్ ఏనాడూ టైముకి రాడు. మంగళవారం క్యాంటీను మేనేజరు నెజాతి ఫోన్ చేశాడు.

"అక్కా, మావాళ్ళు టిఫిను తినేది ఏడింటికి, ఎనిమిదింటికి కాదు. రేపు ఏడింటికల్లా కెతెలు బల్లమీద లేకపోతే బేకరీవాళ్ళకి చెప్పేస్తాను. ఏమీ అనుకోవద్దు."

మెవ్లుత్ ఈ మాట విని తేలిగ్గా తీసుకున్నాడు. "ఎలాగూ పోయేదే వదినా. పసిన్‌లర్‌లో ఒకాయన ఈ కారు కావాలంటున్నాడు. రేపు మధ్యాహ్నం చూడ్డానికి వస్తానన్నాడు. కెతెలే లేకపోతే నీకు కారెందుకు?"

ఆ సాయంత్రం గుల్‌పెరి బ్యాటరీ విప్పింది, స్విచ్ చూసింది, వైపర్లు లేపింది. లోపలికి వెళ్ళబోతూ ఆగి, బానెట్ మీద అరచేత్తో ఒక్కటి వేసింది.

"పంతొమ్మిదేళ్ళు! ఒక్కరోజైనా నా వైపు గీకావా?"

పొద్దున చలి మైనస్ ముప్ఫై ఒకటి. మామూలు వేళకే చప్పుడు మొదలైంది. హాతూన్ అవ్వ కిటికీ తెరిచి కేకేసింది.

"గుల్‌పెరీ, ఇవాళ చప్పుడు అటు పక్కనుంచి వస్తోందేమే!"

గుల్‌పెరి బ్యాటరీ ఎత్తుకుని బయటికి వచ్చింది. పక్క సీటు వైపు అద్దం తళతళలాడుతోంది. డ్రైవరు వైపు వేలెడు మందాన మంచు.

"చెప్పగా చెప్పగా ఇవాళే దొరికిందా నీకు?" అని బ్యాటరీ బిగించింది.

మెవ్లుత్ ఆరున్నరకి, బుగ్గలో చక్కెర ముక్కతో వచ్చాడు. అక్కడ చక్కెర బుగ్గన పెట్టుకునే టీ తాగుతారు; టీ అయింది కానీ చక్కెర కరగలేదు.

"అన్నయ్యకేమైంది వదినా? తన వైపేదో మరిచిపోయాడా?"

"నన్నడుగుతావేం? గీకు."

"దేంతో?"

ఆరేళ్ళలో అతనికి ఆ అవసరం రాలేదు. డ్రైవరు తలుపు తీసి కూర్చోబోతే మోకాలు స్టీరింగుకి కొట్టుకుంది. సీటు పూర్తిగా ముందుకి జరిగి ఉంది. వెనక్కి లాగితే కదల్లేదు. మోకాళ్ళు గడ్డం కిందకి మడుచుకుని ఎలాగో దూరి, ఇంజను ఆన్ చేసి, వైపర్ల స్విచ్ నొక్కాడు. వైపర్లు పైకి లేచి ఉన్నాయి కదా, రెండూ గాలిని తుడవడం మొదలుపెట్టాయి. మెవ్లుత్ దిగి, ఆడుతున్న వైపర్‌ని చేత్తో పట్టి మంచుమీదికి వంచబోయాడు. అది వేళ్ళమీద ఒకటి తగిలించి, తిరుగు ఊపులో టోపీ ఎగరగొట్టింది.

"చిన్నప్పుడూ వాడి టోపీ అలాగే పడగొట్టేవాడు వాళ్ళన్న" అంది కిటికీలోంచి హాతూన్ అవ్వ.

గుల్‌పెరి లోపలికి చెయ్యి పెట్టి స్విచ్ ఆపేసింది. "మంచు మీద వైపర్ వేస్తారా ఎవరైనా? రబ్బరు చీలికలైపోయేది."

"అంత తెలిస్తే నువ్వే నడుపు!" అని మెవ్లుత్ టోపీ దులుపుకుని, వెచ్చగా కూర్చుందామని అటువైపు తలుపు తీశాడు. తీసి అలాగే నిలబడిపోయాడు. ఆ సీటు చివరిదాకా వెనక్కి జరిగి ఉంది. ఆనుకునే భాగం కొంచెం వాలి ఉంది. అంత వాల్చుకుని కూర్చునేది ఆ ఇంట్లో ఒక్కడే. మెత్త మధ్యలో గుంటపడి ఉంది.

"ఇక్కడున్నావా అన్నయ్యా" అన్నాడు మెల్లిగా. తలుపు చప్పుడు కాకుండా మూసి, కెతెల పళ్ళేలు తీసుకుని వెనక సీట్లో కూర్చున్నాడు. అన్న ముందుంటే తమ్ముడు వెనకే కూర్చోవాలి.

క్యాసెట్టు మూత డ్రైవరు వైపు బానెట్ మీద ఉంది. గుల్‌పెరి దాంతో అద్దం పైనుంచి కిందకి గీకింది. దుర్సున్ వదిలేసే మూలలు కూడా వదల్లేదు. వైపర్లు చేత్తో దించింది. సీట్లో కూర్చుంటే కాళ్ళు సరిగ్గా పెడల్స్ మీదికి వచ్చాయి. అప్పటికి ఆరూ నలభై.

"వదినా, నీకు లైసెన్సు ఉందా?"

"నీకు మీసాలు రాకముందునుంచీ ఉంది."

గేటు దగ్గర ఒకసారి ఇంజను ఆగింది. హాతూన్ అవ్వ వీధంతా వినపడేలా బిస్మిల్లా చెప్పింది. రెండోసారి ఆగలేదు. గుల్‌పెరి ఆ దారి మొదటి సగం చూడడం ఇదే మొదలు. గడ్డకట్టిన కుళాయి ఒకటి, గోడమీద నుంచున్న పసుప్పచ్చ కుక్క, బేకరీ. బేకరీ ఆమె అనుకున్నంత పెద్దదేం కాదు.

ఏడుకి మూడు నిమిషాలుండగా పళ్ళేలు బల్లమీదికి చేరాయి. నెజాతి గడియారం చూశాడు. కిటికీలోంచి కారు చూశాడు, అందులో వెనక్కి వాలిన పక్క సీటు చూశాడు.

"రేపూ ఇదే టైముకి తెండి అక్కా" అని, టీలు మూడు చెప్పాడు.

మూడో గ్లాసు చల్లారేలోపు మెవ్లుత్ పసిన్‌లర్‌కి ఫోన్ చేశాడు. "రావద్దండీ" అన్నాడు. "కారు ఖాళీ లేదు."

కొండ దిగేటప్పుడు సన్నగా మంచు కురవడం మొదలైంది. గుల్‌పెరి స్విచ్ నొక్కింది. వైపర్లు రెండూ అద్దంమీద మెత్తగా జారాయి. ఆమె మూడో గేరు వేసింది, ఇంజను వింది, నాలుగో గేరు వేసింది.

"వదినా, కాస్త నెమ్మదిగా" అన్నాడు వెనకనుంచి మెవ్లుత్.

"పక్కనున్న మనిషి నోరెత్తలేదు. వెనకున్నవాడికేం కంగారు?"

మలుపు వచ్చింది. పక్క సీటు బెల్టు బర్రున సాగి, క్లిక్‌మని పడింది. బతికున్నన్నాళ్ళూ దుర్సున్ ఒక్కసారైనా బెల్టు పెట్టుకోలేదు.