మూడో సరస్సు లెక్క

పొద్దున్నుంచి నాలుగోసారి లెక్కలావిడ ప్రోగ్రాం నడిపింది. ఆఫీసులో అందరూ ఆమెను పిలిచే పేరు అదే. పంతొమ్మిదేళ్లుగా అదే బల్ల, అదే మెడనొప్పి. చలికాలంలో దిగే పక్షుల అంకెలు మోడల్లోకి ఎక్కించి, అలాంటి అంకెలు రావడానికి అవకాశం ఎంతో తేల్చడం ఆమె పని. తెర మీద మళ్లీ మైనస్ గుర్తుతో పెద్ద అంకె వచ్చింది. అది సున్నా వైపు జరిగేకొద్దీ మోడల్ కుదిరినట్టు. ఆరు సరస్సులు కుదిరాయి. మూడోదే మొండికేసింది. రెండు చలికాలాలుగా అక్కడ బాతులు ఉన్నట్టుండి రెట్టింపయ్యాయి.

"దొంగ లెక్కలై ఉంటాయి. ఆ సరస్సు తీసేసి, సాయంత్రంలోగా రిపోర్టు పంపండి" అన్నాడు పై అధికారి.

రిపోర్టులో లేని సరస్సుకు కాపలా ఎత్తేస్తారు. ఆమె భోజనం డబ్బా మూత తియ్యకుండానే, ఆ రెండు చలికాలాలూ వేరే మనిషి లెక్కపెట్టినట్టు మార్చి నడిపింది. అంకె ఒక్కసారిగా సున్నా వైపు జరిగింది. సంతోషం కలగలేదు.

అక్కడ ముప్పై ఏళ్లుగా పక్షుల్ని లెక్కపెడుతున్న పెద్దాయనకు ఫోన్ చేసింది.

"బాబాయ్, ఏమీ అనుకోకండి. ఈ రెండేళ్లూ లెక్కపెట్టింది మీరేనా?"

"నాకు చూపు ఆనడం లేదమ్మా. మీ పిన్ని చూసి చెబుతుంది, నేను రాస్తాను. ఇన్నాళ్లూ నేను చూడలేక వదిలేసినవి కూడా దాని కంట్లో పడతాయి."

"మరి చెప్పలేదేం?"

"చెబితే రావొద్దంటారని."

'లెక్కపెట్టే మనిషి మారారు' అని రాస్తే సరస్సు నిలుస్తుంది, ఆయన పని పోతుంది. రాయకపోతే రెండూ పోతాయి. ఆయనకు ఆ మాటే చెప్పింది.

"రాసెయ్యమ్మా. మీ పిన్ని పేరు కూడా వెయ్యి. ఇంట్లో ఎలాగూ లెక్కలన్నీ దానివే."

ఆ వాక్యం మూడుసార్లు కొట్టి, మూడుసార్లు చెరిపింది. నాలుగోసారి ఉంచేసింది.

ఐదింటికి ముందు ఆయనే వచ్చాడు, భార్య మోచెయ్యి పట్టుకుని. ఇక రాలేనన్న కాగితం మీద సంతకం ఎక్కడ పెట్టాలో ఆవిడ వేలుపెట్టి చూపించింది. ఆవిడ్ని పనిలోకి తీసుకుంటారా అని లెక్కలావిడ అడిగితే, పై అధికారి తలెత్తకుండా "చూద్దాం" అన్నాడు.

"వస్తానమ్మా" అన్నాడు పెద్దాయన. మెట్ల దగ్గర ఆగాడు.

"ఎన్ని?"

"పద్నాలుగు" అంది భార్య.

అడుగుల చప్పుడు కిందికి దిగి, వీధిలో కలిసిపోయింది. కాగితం పక్కన, పెద్దాయన బొటనవేలితో నొక్కి లెక్కపెట్టే ఇనుప మీటర్ మిగిలింది. దాని మీట అరిగి నున్నగా మెరుస్తోంది, గాజు వెనక 0862 దగ్గర ఆగి ఉంది.