మేడమెట్లు ఎక్కని రోజు

ఆ ఆఫీసులో ఆమెను అందరూ చీటీలక్క అనేవారు. పాత పాటల్ని కత్తిరించి, కలిపి కొత్తవి చేసే రీమిక్స్ కళాకారుల మీద ఒక డాక్యుమెంటరీ తీస్తున్నారు. దానికి పరిశోధన ఆమెదే. సినిమాలో వచ్చే ప్రతి ముక్కకూ ఒక చీటీ అంటించేది. మనం స్వయంగా వెళ్లి, అడిగి తెచ్చుకున్నదైతే ఆకుపచ్చ చీటీ, అది ప్రాథమిక పరిశోధన. ఎవరో అడిగి రాసిపెట్టినదాన్ని మనం చదివి తెచ్చుకుంటే పసుపు చీటీ, అది ద్వితీయం. ఈ రెంటినీ కలిపేసినవాడు ఆమె కంటబడితే వాడి పని అయిపోయినట్టే. “నువ్వు విన్నావా? పోనీ, విన్నవాణ్ణయినా కలిశావా?” అని దులిపేసేది. అంత నోరున్న మనిషికీ నోట్లో పచ్చి వెలక్కాయ పడే రోజొకటి వచ్చింది.

ఆ రోజు ఎడిటింగ్ గదిలో క్యాసెట్ల దుకాణం పెద్దాయన ఇంటర్వ్యూ చూస్తున్నారు. పాత జోలపాట కింద కుట్టుమిషన్ చప్పుడు కలిపిన రీమిక్స్ ఒకటి ముప్పై ఏళ్ల కిందట ఊరంతా మోగింది. దాన్ని చేసింది ఆయనేనని ప్రతి పుస్తకంలోనూ ఉంది.

“చేసినాయనే ఎదురుగా కూచుని చెబుతున్నాడు. కళ్లు మూసుకుని ఆకుపచ్చ వేసెయ్యొచ్చు కదక్కా” అన్నాడు దర్శకుడు.

తెర మీద పెద్దాయన తన్మయంగా చెబుతున్నాడు. “ఆ సాయంత్రం ఒకటే వాన. రేకుల మీద చినుకులు తాళం వేస్తున్నాయి. అప్పుడు తట్టింది నాకు.”

చీటీ ఆమె చేతిలోనే ఉండిపోయింది. ఆ వాన ఆమెదే. ఇరవై రెండేళ్ల వయసులో, పత్రికలో కొత్తగా చేరినప్పుడు, ఈ పాట మీద రాసిన వ్యాసం మరీ చప్పగా ఉందని సొంత బుర్రలోంచి కురిపించిన వాన. పుస్తకాలన్నీ ఆ వ్యాసం చూసి రాసినవే. చివరికి పెద్దాయన కూడా తన జ్ఞాపకాన్ని అందులోంచే తెచ్చుకున్నాడు.

వానదేముంది, అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటుంది. వ్యాసం కోసం వెళ్లిన రోజు దుకాణంలో ఆయన ఉన్నదున్నట్టే చెప్పాడు. “నాకేం తెలుసమ్మా, అది మా చెల్లెలి పని. మేడ మీద కుట్టుకుంటోంది, వెళ్లి అడగండి.” ఆరింటికల్లా వ్యాసం ఇవ్వాలి. వీధి చివర బస్సు కనబడింది. అన్న చెబితే ఏమిటి, చెల్లెలు చెబితే ఏమిటి అనుకుని పరుగెత్తింది. ఆయన పేరే రాసేసింది. పొగడ్త ఎవరికి చేదు? ఆయన మొదట్లో నసిగాడు, తర్వాత ఊరుకున్నాడు, ఆ తర్వాత నమ్మేశాడు.

ఆమె దర్శకుడికి అంతా చెప్పేసింది. అతను తల పట్టుకున్నాడు. “ఆవిడ ఉన్నారా అక్కా? ఉంటే కెమెరా ముందు చెప్పించు. లేకపోతే ఎల్లుండి సినిమా ఇలాగే విడుదలకు వెళ్లిపోతుంది.”

మర్నాడు పొద్దున్నే ఆమె ఆ మెట్లు ఎక్కింది. చెల్లెలిప్పుడు ముసలావిడ. కళ్లజోడుకి తాడు కట్టుకుని జాకెట్టుకి కాజాలు కుడుతోంది. చీటీలక్క నిలబడే జరిగిందంతా చెప్పింది.

“మీరేనా?” అంది ఆవిడ, కోపం లేకుండానే. “పత్రిక అమ్మాయి పైకొస్తోందని అన్నయ్య కిందనించి కేకేశాడు. గబగబా జడ వేసుకుని, టేపు ముక్కలన్నీ మంచం మీద వరసగా పేర్చుకుని కూచున్నా. దీపాలు పెట్టేదాకా కూచున్నా.”

“ఆ ముక్కలున్నాయా అండీ?”

“ఎక్కడివమ్మా! మీ వ్యాసం చూసి, ‘నేనే చేశానని కోతలు కోశావే’ అని మావారు నవ్వారు. పడేశాను.”

చీటీలక్కకు ఏడుపు ఆగలేదు. “కెమెరా తెస్తానండీ. ఇప్పుడు చెప్పండి.”

ఆవిడ సూది ఆపింది. “అన్నయ్యకి ఆ పేరు తప్ప ఇంకేం మిగల్లేదమ్మా. ఈ వయసులో లాక్కుని ఏం చేసుకోను? మీరూ చెప్పకండి.” మళ్లీ కాజా వైపు తలవంచింది. “అప్పుడడిగుంటే ఎంత బాగా చెప్పేదాన్నో.”

సినిమాలో పెద్దాయన మాటలకు పసుపు చీటీ పడింది. వాటి తర్వాత ఒక్క నిమిషం చీటీలక్క కనబడుతుంది. ఆ వ్యాసం రాసింది తనేననీ, అడగాల్సినవాళ్లని అడక్కుండానే రాశాననీ చెబుతుంది. ఎవర్ని అడగలేదో చెప్పదు. సినిమా చూసినవాళ్లెవరూ ఆ ప్రశ్న వెయ్యనూ లేదు.