మావాడు మంచోడు

ఇంటర్వ్యూ నటేశన్‌దే అయినా, పెళ్ళికొడుకులా తయారయ్యేది మాత్రం అతని మేనమామ పట్టాభిరామన్. నటేశన్ సగం గడ్డం గీసుకుని, మిగతా సగం సబ్బు నురగతో నిలబడి ఉండగానే మామ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. గంజి పెట్టిన పంచె, నుదుట నామం, చంకలో గొడుగు, భుజాన జరీ కండువా. ఒకప్పుడు ఆ కండువా పెళ్ళిళ్ళకు తప్ప పెట్టె దాటేది కాదు. మిల్లు మూతపడ్డాక దానికి తీరిక లేదు.

వాళ్ళ ఇళ్ళలో పిల్లనూ ఉద్యోగాన్నీ ఒకేలా అడుగుతారు. కావలసినవాడు తల వంచుకుని ఉంటాడు, పెద్దవాడు మాట్లాడతాడు. తన నోటితో తానే అడుక్కోవడం అప్రదిష్ట. నటేశన్‌కు మీసాలు మొలిచే వయసులో మామ అతన్ని తాను పనిచేసే మిల్లులో మేస్త్రీ ముందు నిలబెట్టి, "మావాడు మంచోడు. ఒగ పని ఇయ్యండి," అన్నాడు. నటేశన్ తన బొటనవేలిని చూస్తూ నిలబడ్డాడు. ఆ ఒక్క మాట మీద అతని వయసంతా నూలు యంత్రాల మధ్య గడిచింది. చెవులు మందగించాయి. జుట్టులో దూది ఏదో నెరిసింది ఏదో సుందరికే తెలియకుండా పోయింది. కట్టుకున్నదానికే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది.

పిల్లలు లేని మామకు చెప్పుకోవడానికి ఉన్నది కూడా ఆ మాటే. దాంతో సగం వీధిని మిల్లులో చేర్పించాడు. మిల్లు పోయాక ఆ మాట ఎక్కడా చెల్లలేదు. బిస్కెట్ల గోడౌనులో జీతం ఎంత అనుకుంటున్నారని అడిగితే, మీకు తోచింది ఇవ్వండని మామ పెద్దమనసుతో చెప్పాడు. వాళ్ళకేమీ తోచలేదు. కాపలా పనికి వెళ్ళినచోట రాత్రి డ్యూటీ పరవాలేదా అన్నారు. "సిన్నప్పట్నుంచి వాడికి సీకటంటే బయం. అయినా సేస్తాడు," అని మామ హామీ ఇచ్చాడు.

ఇలాంటి తప్పులు చేయకుండా ఉండడానికి కూతురు విద్య చదివే కాలేజీలో ఒక క్లాసే ఉందట. ముందురోజు అన్నం దగ్గర తండ్రికి అదంతా అప్పజెప్పింది. ఏ పనైనా చేస్తాననొద్దు, నేల చూడొద్దు, నీ గురించి నువ్వే చెప్పు. అన్నిటికంటే పెద్ద తప్పు పట్టాభి తాతను వెంట తీసుకుపోవడం. సుందరి మజ్జిగ పోస్తూ, "ఇంట్లోనే నోరు లేదు, ఆడ యాడ్నుంచి వస్తాది," అంది. వయసు మీరినవాళ్ళను రమ్మన్నది ఈ ప్లాస్టిక్ డబ్బాల కంపెనీ ఒక్కటే. ఇదీ పోతే విద్య చదువు మానుకుని ఏదైనా కొట్లో బిల్లులు కొట్టాలి. ఆ మాట ఎవరూ పైకి అనలేదు గాని, ముగ్గురికీ తెలుసు.

ఫ్యాక్టరీలుండే తట్టాంచావడిలో టెంపో దిగేదాకా నటేశన్ మామకు చెప్పాల్సిన మాట వాయిదా వేస్తూనే వచ్చాడు. కంపెనీ గేటుకు ఎదురుగా పూంగావనం అనే ఆమె టీ కొట్టు, దాని ముందు రాతి బల్ల. అక్కడ ఆగాడు.

"మామా, నువ్వు ఈడే కూసో."

"ఎందుకురా?"

"ఇప్పుడంతా ఒక్కర్నే రమ్మంటారు."

మామ గొడుగు ముడిచాడు. బల్ల మీది దుమ్ము ఊదాడు. "సరి," అన్నాడు. "అడిగితే నేనుండానని సెప్పు."

లోపల బల్లకు అవతల తమిళరసి అనే అమ్మాయి, విద్యకంటే నాలుగేళ్ళు పెద్దదేమో. మీ గురించి చెప్పండని తమిళంలో అడిగింది. నటేశన్ నేల చూడలేదు. ఆమెనే చూశాడు. పుట్టాక ఎన్నడూ తన గురించి తాను చెప్పుకోని మనిషికి ఉన్నది ఒకటే వాక్యం, అదీ మామది. దాన్నే తిప్పి, "నేను మంచోడిని," అన్నాడు. చెవిలో పడగానే అది దొంగ చెప్పే మాటలా వినిపించింది.

ఆ పిల్ల నవ్వు ఆపుకుంది. మనసున్న పిల్ల. మిల్లు ఎటూ మూతపడింది, అక్కడ మీ పని చూసినవాళ్ళు ఒక్కరు నాతో మాట్లాడితే చాలు, సోమవారం చేరిపోవచ్చు, అంది.

"మా మామ బయటే ఉండారు."

"అయ్యో, లోపలికి పిలుచుకు రావలసింది కదా," అంది తమిళరసి. "పిలవండి."

నటేశన్ పరుగులాంటి నడకతో గేటు దాటాడు. మామ గోడకు ఆనుకుని ఉన్నాడు, గడ్డం రొమ్ముకు ఆనింది. ముందున్న టీ మీద మీగడ కట్టింది. తాగమంటే, మావాడు రానీ, కలిసి తాగుతామన్నారని, తర్వాత కునుకు పట్టిందనుకున్నానని పూంగావనం చెప్పింది.

"మామా, పిలస్తా ఉండారు," అన్నాడు నటేశన్. "నిన్నే."

చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి తిరిగి పట్టుకోలేదు.

పక్క లేతు మిషన్ల షెడ్డులోని మనుషులు వచ్చి మామను టెంపోలోకి ఎత్తారు. నటేశన్ ఆయన తలను ఒళ్ళో పెట్టుకున్నాడు. టెంపో కదులుతుండగా కాపలావాడు గేటులోంచి తల బయటపెట్టి నటేశన్ పేరు పిలిచాడు, కాసేపు చూసి, తర్వాతివాడి పేరు పిలిచాడు.

రాతి బల్ల మీద, మామ కూర్చున్నచోటికి పక్కన, నటేశన్ మంచి ప్యాంటుకు దుమ్ము అంటకుండా ఆయన నాలుగు మడతలు పెట్టి పరిచిన జరీ కండువా అలాగే ఉంది.