పాతరలోంచి దగ్గు

నాకు నోరెక్కువని ఊళ్ళో పేరు. దెయ్యాలూ గియ్యాలూ అంటే ముఖం మీదే నవ్వేస్తాను. అలాంటిదాన్ని నేనే ఈ సంగతి చెబుతున్నానంటే మీరే ఆలోచించుకోండి.

ఎనభై అయిదులో గోబర్ గ్యాసు పెట్టించుకునేవాళ్ళకి సర్కారు సబ్సిడీ ఇస్తోందని బ్లాకాఫీసు సూపర్‌వైజరు రామచంద్రమూర్తి గారు మా ఊరొచ్చి చెప్పారు. పత్తికట్టె పొగకి మా అత్తయ్య కళ్ళు అప్పటికే సగం పోయాయి. పెట్టించాల్సిందేనని మా ఆయన వెంకయ్య ప్రాణం తోడేశాను. తవ్వకం పని కలిసొస్తుందని ఆయన దొడ్లో పూడిపోయిన జొన్నల పాతరనే, అదే ఒకప్పుడు జొన్నలు దాచిన గొయ్యినే, వెడల్పు చేయించి, మేస్త్రీ సుభానీ చేత అందులో ఇటుకలతో గుమ్మటం కట్టించాడు.

ఆ పాతరలోనే మా మామగారు యలమందయ్య పోయారు. నేను కాపరానికి రాకముందు సంగతి. పాతర మూత తీస్తే లోపల గాలి చెడిపోయి ఉంటుంది. అందుకని లాంతరు వెలిగించి తాడుతో దించుతారు. దీపం ఆరకపోతేనే మనిషి దిగాలి. అంత జాగ్రత్త గల మనిషి ఆ రోజు దీపం దించకుండా ఎందుకు దిగాడో ఎవరికీ తెలియదు.

పొయ్యి వెలిగించిన మొదటి సాయంత్రమే గొట్టంలోంచి దగ్గు వినపడింది. నీలం మంట వణికింది.

"మీ మామ దగ్గేనే అది," అంది అత్తయ్య.

"చాల్లే అత్తయ్యా, చుట్ట కావాలేమో కనుక్కో," అన్నాను.

గొట్టంలో నీళ్ళు చేరాయని చెప్పి సూపర్‌వైజరు గారు ఆ నీళ్ళు తీయించేశారు. మర్నాడు దీపాలవేళకి మళ్ళీ దగ్గు. రెండు పొడి దగ్గులు, ఆ వెంటనే గొంతు సవరించుకున్న చప్పుడు. రోజూ అదే వేళకి. నేను నవ్వడం మానేశాను. అత్తయ్య వంటింట్లోకి రావడమే మానేసింది.

నాలుగో నెలలో గ్యాసు తగ్గిపోయింది. లోపల పేడ తెట్టు కట్టింది. మర్నాడు పెద్దాఫీసరు వచ్చి మంట చూస్తేనే సబ్సిడీ. మా ఆయన గుమ్మటం మీద మూత తీసి, దిగి కెలుకుతానని నడుముకి తాడు కట్టుకున్నాడు.

"దీపం దించకుండా దిగావంటే నా శవాన్ని చూస్తావురా!" అత్తయ్య తడుముకుంటూ వచ్చి ఆయన చెయ్యి పట్టేసుకుంది.

లాంతరు వెలిగించి తెచ్చింది నేనే. పాపిష్టిదాన్ని, నా చేత్తోనే తెచ్చాను.

ఆకు కదలడం లేదు. గుమ్మటానికి పది అడుగుల దూరంలో ఉండగానే, గాజు చిమ్నీ లోపల దీపం టప్పున ఆరిపోయింది. వంటింట్లోకి వెళ్ళి మళ్ళీ వెలిగించి తెచ్చాను. సరిగ్గా అక్కడే ఆరింది. మూడోసారి నా చెవి పక్కనే ఎవరో ఉఫ్‌మని ఊదారు, దీపం ఆరింది. వెచ్చటి ఊపిరి, చుట్ట వాసన. కెవ్వుమని లాంతరు వదిలేశాను.

"దీపం నిలవట్లేదు. దిగకూడదు," అంటూ మా ఆయన తాడు విప్పేశాడు.

రేపటి ఏర్పాట్లు చూద్దామని అప్పుడే సైకిల్ మీద వచ్చిన రామచంద్రమూర్తి గారు లాంతరు చూసి సైకిలు అక్కడే పడేశారు.

"మీకేమన్నా మతి పోయిందా? ఇది జొన్నల పాతర కాదయ్యా! దీపం దించితే భగ్గుమని ముగ్గురూ మాడిపోయేవాళ్ళు. దిగినా ఊపిరాడక చచ్చేవాడివి!"

మా ఆయన అక్కడే కూలబడ్డాడు. సూపర్‌వైజరు గారు పైనుంచే వెదురుతో తెట్టు పగలగొట్టించి, మూత వేయించి, ఆఫీసరు రాకని వారం వెనక్కి నెట్టించారు. ఎనిమిదో రోజు ఆఫీసరొచ్చి నీలం మంట చూసి సంతకం పెట్టి వెళ్ళాడు.

ఆ సాయంత్రం అత్తయ్య వంటింట్లోకి వచ్చి పొయ్యి ముందు కూర్చుంది. గొట్టం దగ్గింది.

"ఆ రోజు కూలోళ్ళు జొన్నలకోసం నిలబడి ఉంటే, దీపమెందుకు, దిగవయ్యా అని కసిరింది నేనేనయ్యా," అంది. "ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. నా బిడ్డనైతే నువ్వు ఆపావు." వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆ రోజుతో దగ్గు ఆగిపోయింది. అత్తయ్య మాత్రం రోజూ దీపాలవేళకి వచ్చి గొట్టానికి చెవి ఆనించి కూర్చునేది. "పలకడేమే? ఇంకా కోపమేనా?" అనేది. ఆమె ముఖం చూడలేక నేనే కొంగు అడ్డం పెట్టుకుని, గొంతు మార్చి రెండుసార్లు దగ్గడం మొదలుపెట్టాను. అత్తయ్య చప్పున కళ్ళు తుడుచుకుని, తృప్తిగా లేచి వెళ్ళేది. ఇప్పటికీ రోజూ ఇదే తంతు.

నిన్న పాలు పొంగుతుంటే ఆ కంగారులో దగ్గడం మర్చిపోయాను. అత్తయ్య కళ్ళు తుడుచుకుని లేచి వెళ్ళిపోయింది. రెండు దగ్గులూ నాకూ వినపడ్డాయి.