ఫ్లాష్ లేని ఒక్క ఫోటో

ఏలూరులో ఫోటోల చలపతిరావు గారు బుకింగ్‌కి వచ్చినవాళ్లని ముందు అడిగేది ముహూర్తం కాదు. "ఫ్లాష్ ఉండాలాండీ, వద్దాండీ?" అని అడుగుతారు. డిజిటల్ కెమెరాలు ఎన్నొచ్చినా ఆయన రీలు కెమెరా వదల్లేదు. మసక గదిలో ఎనిమిది వందల స్పీడు రీలు వేసి, లెన్స్ పూర్తిగా తెరిచి, ఫ్లాష్ లేకుండా తీస్తే ఆ ఇంటి మనుషుల్లో పోయినవాళ్లు కూడా, ఎక్కడ పోయినా సరే, ఫోటోలో పడతారు. షట్టరు నెమ్మది కాబట్టి బతికున్నవాళ్లు కదిలి చెదురుతారు. పోయినవాళ్లు కదలరు, అందుకని స్పష్టంగా వస్తారు. ఫ్లాష్ కొడితే మాత్రం బతికున్నవాళ్లే. ఇది జిల్లా అంతా తెలిసిన సంగతే, ఎవరూ నోరెళ్లబెట్టరు. మొన్న పెంటపాడు ఆసామి ఒకాయన, "మా మేనత్త ప్రతి పెళ్లిలోనూ వంకలు పెట్టేదండీ, ఫ్లాష్ గట్టిగా కొట్టండి" అని మరీ చెప్పి వెళ్లాడు.

కొల్లేటి లంక నుంచి పెద్దింటమ్మ వచ్చింది, మనవరాలు జ్యోతి ఓణీల వేడుకకి బుక్ చేయడానికి. వెంట కోడలు సాయిదుర్గ. ఏడేళ్ల కిందట పెద్దింటమ్మ కొడుకు కృష్ణబాబు చేపల చెరువు కాపలాకని దోనెలో వెళ్లాడు. దోనె ఒక్కటే దొరికింది. అప్పటినుంచి ఆ ఇంటికి తాళం పడలేదు. వాడొచ్చేసరికి తలుపు తెరిచి ఉండాలని పెద్దింటమ్మ పట్టు. వట్లూరు కాలేజీ హాస్టల్లో సాయిదుర్గకి పని ఇస్తామని రెండుసార్లు పిలిచినా ఆవిడ కదలనివ్వలేదు. ఈ జూన్‌కి మళ్లీ పిలిచారు.

"అన్నీ ఫ్లాష్‌తోనేనండీ. ఒక్కటి కూడా మసకలో తీయొద్దు," అంది పెద్దింటమ్మ.

కొడుకు పోయినవాళ్లలో కనబడతాడేమోనని ఆవిడ భయం కాబోలని చలపతిరావు గారికి జాలేసింది.

అత్తగారు మెట్లు దిగాక సాయిదుర్గ వెనక్కొచ్చింది. "ఏవండీ, ఒక్కటి ఫ్లాష్ లేకుండా తీయండి. ఆయన పడితే కర్మ చేయిస్తాను. పడకపోతే ఇంకో ఏడేళ్లయినా చూస్తాను. తెలియకుండా మాత్రం బతకలేకపోతున్నానండీ."

"పెద్దావిడకి మాటిచ్చానమ్మా."

"మరి నాకేం ఇస్తారండీ?"

ఆయన తల దించుకుని బుకింగ్ పుస్తకంలో తేదీ రాసుకున్నారు.

వేడుక రోజు మూడింటికే కొల్లేరు మీద మబ్బు కమ్మింది, కరెంటు పోయింది. చలపతిరావు గారు ఫ్లాష్‌తో రెండు రీళ్లు కానిచ్చారు. చివరి గ్రూపుకి అందరూ జ్యోతి చుట్టూ చేరినప్పుడు సాయిదుర్గ ఆయన వంకే చూస్తోంది. ఆయన కెమెరాని స్టాండుకి బిగించి, కొత్త రీలు వేసి, ఫ్లాష్ ఊడదీశారు.

"బ్యాటరీ అయిపోయిందండీ పెద్దమ్మగారూ," అన్నారు. వృత్తిలో ఆయన ఆడిన మొదటి అబద్ధం అది.

"అయితే వద్దులెండి," అంటూ పెద్దింటమ్మ కుర్చీలోంచి లేచింది. అప్పటికే మీట నొక్కేశారు.

వారం తర్వాత అత్తాకోడళ్లు ఆల్బమ్‌కి వచ్చారు. ఆ ఒక్క ఫోటో ఆయన సాయిదుర్గ చేతికే ఇచ్చారు. పెద్దింటమ్మ సగం లేచిన తెల్లటి చారలా ఉంది. జ్యోతి నవ్వు చెదిరింది. వెనకాల మాత్రం సాయిదుర్గ మామగారు సోమరాజు భుజాన తువ్వాలుతో స్పష్టంగా నిలబడ్డాడు. పక్కన ఆయన తల్లి. ఆవిడ ఒళ్లో, జ్యోతి కంటే ముందు పుట్టి పోయిన పసిగుడ్డు. కృష్ణబాబు లేడు.

"బతికే ఉన్నాడమ్మా," అన్నారు చలపతిరావు గారు సంబరంగా.

పెద్దింటమ్మ ముఖంలో సంబరం లేదు. కోడలి చేతిలోంచి ఫోటో లాక్కోబోయింది. అప్పుడర్థమైంది ఆయనకి. ఆవిడ ఇన్నాళ్లూ భయపడింది కొడుకు ఫోటోలో పడతాడని కాదు, పడడని.

సాయిదుర్గకీ అర్థమైంది. "ఎక్కడున్నారత్తయ్యా?"

"విజయనగరంలో. అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు. అక్కడ ఇంకో సంసారం, ఇద్దరు పిల్లలు. చెబితే నువ్వు వెళ్లిపోతావని..."

సాయిదుర్గ ఫోటోలోని పసిగుడ్డు మీద వేలు పెట్టింది. కళ్లు తుడుచుకోలేదు. "చచ్చినవాళ్లంతా వచ్చారండీ. బతికున్న మనిషే రాలేదు," అంది.

ఆ జూన్‌లో లంకలోని ఇంటికి తాళం పడింది. వట్లూరుకి పెద్దింటమ్మ కూడా బయల్దేరింది, కోడలు వదిలేయలేదు. బయల్దేరుతూ ఆవిడ, కొడుకు ఉన్నప్పటి అలవాటుగా, వాడొస్తే అందేలా తాళంచెవి గుమ్మం పైన పెట్టబోయింది. సాయిదుర్గ దాన్ని నెమ్మదిగా అందుకుని తన కొంగున ముడేసుకుంది.