నాలుగు బోల్టులు

పరుపును మొగుడూ పెళ్లాలిద్దరూ చెరో కొసా పట్టుకుని లేపి గోడకు ఆనించారు. రాత్రంతా నేలను అంటుకుని ఉన్న వైపు చెయ్యి పెడితే అప్పుడే పిండిన బట్టలా ఉంది. ఆవిడ పాత దుప్పటి ముక్కతో ఆ తడిని అద్దుతోంటే, పరుపు జారకుండా ఆయన భుజం అడ్డం పెట్టి నిలబడ్డాడు. ఏళ్ల తరబడి రోజూ చేసే పని కాబట్టి మాటలు అక్కర్లేదు. ఆయన ఊపిరి అందక భుజం తీసేసే వేళకు ఆవిడ ట్రంకుపెట్టెను జరిపి పరుపుకు దన్ను పెట్టేసింది.

ఆ గది సగం భూమిలో, సగం పైన. కప్పుకు కాస్త కిందుగా ఉన్న ఒక్క కిటికీలోంచి వీధిలో పోయేవాళ్ల పాదాలు మాత్రం కనిపిస్తాయి. గోడల మీద తడి మోకాళ్ల దాకా ఎక్కింది. సున్నం కొట్టించిన వారానికే మళ్లీ పొక్కులు లేస్తాయి.

"సాయంత్రం పని దిగాక అటే బోర్డు ఆఫీసుకి వెళ్తాను," అంది ఆవిడ, జుట్టు ముడేసుకుంటూ. "ఇవాళే ఆఖరు."

"వెళ్లి ఏం చెప్తావు?"

"వద్దని చెప్తాను."

"రాత్రి ఆలోచిద్దామన్నావుగా."

"ఆలోచించాను."

"ఎప్పుడు? గుర్రు పెట్టి నిద్రపోయావు."

"గుర్రు పెడుతూనే ఆలోచించాను. నీలా కూర్చుని కప్పు వంక చూస్తేనే ఆలోచనలొస్తాయా?"

ఇళ్ల బోర్డులో పేరు రాయించుకున్నప్పుడు ఆయన తలలో నల్ల వెంట్రుకలు ఇంకా మిగిలి ఉన్నాయి. ఇన్నాళ్లకు వంతు వచ్చింది. వచ్చిన ఇల్లేమో ఆఖరి బస్‌స్టాపు దగ్గర, తోళ్ల కార్ఖానాల పక్కన. ఆ చోటుకు పేరుంది గానీ ఊళ్లో అందరూ 'అవతల' అనే అంటారు. 'అవతల' ఉంటామంటే చీటీలో వాటా ఇవ్వరు, పనిలోకి తీసుకునేవాళ్లు కూడా ఒకసారి ఎగాదిగా చూస్తారు. అయినా కాదంటే పేరు వరస చివరికి పోతుంది. మళ్లీ వంతు వచ్చేసరికి ఇల్లు ఉంటుంది, తాము ఉండరు.

"వాసనయ్యా," అంది ఆవిడ. "తోళ్ల వాసన. తిన్నది కడుపులో నిలవదు."

హోటళ్ల దుప్పట్లుతికే లాండ్రీలో పొద్దస్తమానం సోడా పొగల మధ్య నిలబడే మనిషికి వాసన లెక్కేమిటి? వచ్చిన ఇల్లు నాలుగో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. ఆయనకు మంచం నుంచి కుళాయి దాకా నడవాలంటే మధ్యలో ఒకసారి ఆగాలి. ఆవిడ నోట మెట్లు అన్న మాట మాత్రం రాలేదు. అలాగే ఆవిడ వేళ్ల కణుపులు ఉబ్బి, పొద్దున్నే గ్లాసు పట్టుకోవడానికి రెండు చేతులూ కావలసి వస్తోందన్న సంగతి ఆయన నోట రాలేదు. వాళ్ల కాపురం అలా ఒకరి నొప్పి ఒకరు ఎత్తకుండానే సాగిపోయింది.

పోయిన ఆదివారం ఆవిడ ఒక్కతే వెళ్లి ఇల్లు చూసి వచ్చింది. చెప్పిందంతా తిట్లే. మధ్యలో మాత్రం ఒక మాట జారింది. "గోడకు చెయ్యి ఆనించి చూశాను. పొడిగా ఉంది." అంది. కొంచెంసేపు తన అరచేతి వంకే చూసుకుంది. ఆయన అప్పటినుంచీ ఆ చూపునే మరిచిపోలేకపోతున్నాడు.

"లిఫ్టు వస్తుందిగా," అన్నాడు.

"ఎప్పుడు?"

"లిఫ్టుకి పైదాకా గుంత కట్టారనీ, దాంట్లో పట్టాలు బిగించారనీ నువ్వే చెప్పావు. పట్టాలు బిగించినవాడు పెట్టె పెట్టకుండా పోతాడా?"

"లిఫ్టు మాటెత్తితే చాలు, నీకు పుట్టింటి మాటెత్తినట్టుంటుంది," అని చెప్పులేసుకుంది. "ఊరికే తిరక్కు. తలుపు దగ్గరకు వేసుకో." కాసేపటికి కిటికీలో ఆవిడ పాదాలు కనిపించి, దాటిపోయాయి.

ఆయన లిఫ్టు నడిపేవాడు. ఆఫీసులున్న ఒక పాత భవనంలో, ఇత్తడి పిడి తిప్పితే కదిలే లిఫ్టులో, మడత తలుపు పక్కన చిన్న స్టూలు మీద బతుకంతా కూర్చున్నాడు. పెళ్లయిన కొత్తలో ఎవరైనా ఏం చేస్తుంటావని అడిగితే "జనాన్ని పైకి తెస్తుంటాను" అనేవాడు. రోజూ పైకి పోయి, సాయంత్రానికి మళ్లీ నేల మీదే ఉండేవాడు. తర్వాత మీటలు నొక్కే లిఫ్టు వచ్చింది. ఎవరి మీట వాళ్లు నొక్కుకోగలిగినా కొన్నాళ్లు ఆయన్ని అందులోనే ఉంచారు. జనం ఆయన భుజం మీదుగా చెయ్యి చాపి మీట నొక్కి "ఏమనుకోకు" అనేవాళ్లు. ఆ మాట అనడం కూడా మానేశాక ఇంటికి పంపేశారు.

లిఫ్టు ప్రాణం పెట్టెలో ఉండదు, పైన ఉంటుంది. కప్పు మీద చిన్న గది, అందులో మోటారు. పైన మోటారు ఉంటే లిఫ్టు నేడో రేపో వస్తుంది. లేకపోతే మిగతాదంతా కబుర్లే. ఆవిడ అక్కడి దాకా వెళ్లి చూసి ఉండదు, చూడాలని తెలియదు కూడా. వెళ్లి చూస్తే సరిపోతుంది. మోటారు ఉందని తెలిస్తే సాయంత్రంలోగా లాండ్రీ గేటు దగ్గర ఆవిడను ఆపి, ఒప్పేసుకోమని చెప్పవచ్చు. మెట్లెక్కే అవసరం ఉంటుందో ఉండదో తెలుసుకోవడానికి అన్ని మెట్లూ ఎక్కి చూడాలన్న ఆలోచన ఇంకెవరికీ రాదు. ఆయనకు అందులో వింతేమీ కనిపించలేదు. తెల్ల చొక్కా తొడుక్కుని తలుపు దగ్గరకు వేశాడు.

"అవతలికి ఒకటి," అన్నాడు బస్సులో.

"నీకేం పని తాతా అక్కడ?" అన్నాడు కండక్టరు.

"ఇల్లు చూసుకోవాలి."

"అయితే నీ ముక్కు ఇక్కడ నాకిచ్చి దిగు. తిరుగు బస్సులో తీసుకుందువు గానీ."

బస్సులో ఉన్నవాళ్లు నవ్వారు. ఆయనా నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగి, స్టాపు వచ్చేదాకా వదల్లేదు.

వాసన నిజమే. గొంతులో తీగలా పట్టుకుంది. ఎండలో బూడిదరంగు భవనాలు ఒకే అచ్చులో పోసినట్టు నిలబడ్డాయి. కిటికీలన్నిటికీ బట్టలు వేలాడుతున్నాయి. అడిగి తెలుసుకున్న భవనంలో మెట్లు లిఫ్టు గుంత చుట్టూ తిరుగుతూ పైకి పోయాయి. గుంతకు అడ్డంగా ప్రతి అంతస్తులోనూ, ప్రతి మలుపులోనూ చెక్క పలకలు కొట్టారు. ఆయన రెండు పలకల సందులోంచి చెయ్యి దూర్చి పట్టాను తడిమాడు. నిటారుగా, ఎక్కడా వంకర లేకుండా ఉంది. పనివాడెవడో గానీ మంచివాడే అనుకున్నాడు.

మొదటి అంతస్తు దాకా బాగానే ఎక్కాడు. అలవాటు కొద్దీ "మొదటి అంతస్తు, లెక్కల విభాగం" అని పెదాలు కదిపాడు. పాత భవనంలో అలా పిలిచేవాడు. రెండో అంతస్తుకు చేరేసరికి పిలవడానికి ఊపిరి లేదు. కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. లోపల ఎవరో మడత తలుపు సగం లాగి వదిలేసినట్టు, గాలి లోపలికి వస్తోంది గానీ పూర్తిగా రావడం లేదు.

మూడో అంతస్తు దగ్గర ఆవిడ గుర్తొచ్చింది. ఉతికిన తెరల మూట నెత్తిన పెట్టుకుని ఆయన నడిపే లిఫ్టెక్కి "మూడు" అంది పెళ్లికి ముందు ఒకసారి. వినిపించుకోనట్టు పైకప్పు దాకా తీసుకెళ్లాడు. "మూడని చెప్పానుగా, చెవుడా?" అంది. మళ్లీ కిందికి తెచ్చి, మళ్లీ పైకి తీసుకెళ్లాడు. నెత్తి మీద మూట దించుకుని దాని మీదే కూర్చుంది. "సరే, తిప్పు. నాకేం, నువ్వే అలిసిపోతావు," అంది. వాళ్లకు పిల్లలు కలగలేదు. ఆవిడ ఇంకెవరి మీదా ఇన్నేళ్లు విసుక్కోలేదు.

మూడు దాటాక మలుపులో కాళ్లు ఆగిపోయాయి. వెనక్కి చూస్తే దిగే దారీ అంతే పొడుగుంది.

మూడో అంతస్తు వాకిట్లో కూర్చుని బూట్ల తోళ్లకు అంచులు కుడుతున్న ఒకావిడ ఆ ఊపిరి చప్పుడు విని తలెత్తింది.

"ఎవరింటికి పెద్దాయనా?"

ఉండమని చెయ్యెత్తాడు. కాసేపటికి "మా ఇంటికే" అన్నాడు.

"మీదేది?"

"నాలుగో అంతస్తు. ఇంకా మాది కాలేదులే."

ఆవిడ లోపల్నుంచి కుర్చీ తెచ్చి, మలుపు దాకా మోసుకొచ్చి వేసింది. నీలం రంగు వెలిసిపోయిన ప్లాస్టిక్ కుర్చీ. "కూర్చో. వీటిని ఒక్క ఊపున ఎక్కినవాడు ఈ కాలనీలో లేడు. నేను రోజూ రెండుచోట్ల ఆగి బోర్డువాళ్లను తిట్టి ఎక్కుతాను."

ఆయన కూర్చున్నాడు. "పైన... మోటారు పెట్టారా తల్లీ?"

"ఏం మోటారు?"

"లిఫ్టుది. కప్పు మీద గది ఉంటుంది."

"ఆ గదా? దాని పక్కనే బట్టలారేస్తాం. లోపలేం లేదు బాబాయ్. సిమెంటు దిమ్మ ఒకటి. అందులోంచి బోల్టులు పొడుచుకొచ్చి ఉంటాయి. గాలికెగిరి దాని మీద పడి, నా కొత్త దుప్పటి చిరిగింది."

"ఎన్ని బోల్టులు?"

"నాలుగు మూలలా నాలుగు."

ఆయన ముఖం విప్పారింది. "నాలుగూ ఉన్నాయా! వాటి మీదే కూర్చుంటుంది మోటారు. ఊరికే ఎవరూ బోల్టులు పాతరు. వస్తుంది."

"నేను ఈ ఇంట్లోకి వచ్చినప్పటినుంచీ ఉన్నాయి అవి. తుప్పు పట్టిపోయాయి."

"తుప్పుదేముంది. గీకితే పోతుంది."

ఆవిడకు ఇంకేమనడానికీ మనసొప్పలేదు. "మంచినీళ్లు తెస్తానుండు," అంది.

"ఇదిగో, అమ్మాయ్. మా ఆవిడ అడిగితే, ఎక్కడా ఆగలేదని చెప్పు. గబగబా ఎక్కేశాడని చెప్పు."

"కుర్చీ సంగతో?"

"కుర్చీ సంగతి చెప్పకు."

ఆవిడ నవ్వుకుంటూ లోపలికి వెళ్లింది. ఆయన కుర్చీని కొంచెం గుంత వైపుకు తిప్పుకున్నాడు. పలకల సందులోంచి చూస్తే పట్టాలు రెండూ పైకి పోయి, ఎక్కడో పైన నలుచదరంగా ఉన్న వెలుతురులో కలిశాయి. అక్కడికి ఇంక కాస్తే దూరం. ఎడమ చెయ్యి దానంతటదే లేచి, పిడి ఉండే ఎత్తుకు వచ్చి ఆగింది.

ఆవిడ గ్లాసుతో వచ్చేసరికి ఆ చెయ్యి ఒళ్లో ఉంది, వేళ్లు ఇంకా దేన్నో పట్టుకున్నట్టే ఉన్నాయి. కునుకు పట్టిందనుకుని, లేపడమెందుకని కాసేపు నిలబడింది.

చొక్కా జేబులో భార్య పనిచేసే లాండ్రీ చీటీ దొరకబట్టి అక్కడికి కబురు వెళ్లింది. ఆయన భార్య తడి ఏప్రన్‌తోనే వచ్చింది. అప్పటికి నలుగురు కలిసి ఆయన్ని కిందికి దింపారు. దిగేటప్పుడు ఎక్కడా ఆగనక్కర్లేకపోయింది.

"ఎక్కడిదాకా వచ్చాడు?" అని అడిగింది.

"ఎక్కడా ఆగలేదమ్మా," అంది బూట్లు కుట్టే ఆవిడ, కళ్లు దించుకుని. "గబగబా ఎక్కేశాడు."

"అవును. అలాగే చెప్పమని ఉంటాడు."

గడువు దాటిపోయినా, సంగతి తెలిసి బోర్డు ఆఫీసు గుమాస్తా ఆమె పేరు కొట్టెయ్యకుండా ఉంచాడు. ఆవిడ వెళ్లి, తీసుకుంటానని చెప్పింది. వద్దనడానికి ఉన్న ఒక్క కారణమూ ఇప్పుడు లేదు. ఆ మాట పైకి అనలేదు గానీ, గుమాస్తా "మంచి నిర్ణయం, లిఫ్టు కూడా వస్తుంది" అన్నప్పుడు, ఎప్పుడని అడగలేదు. అది ఎవరి కోసం అడగాలో ఆ మనిషి లేడు.

ట్రంకుపెట్టెను కూలివాడు మోశాడు. పరుపును ఆ గదిలోనే వదిలేసి, మిగతావి మూట కట్టి తనే నెత్తిన పెట్టుకుంది. మొదటి అంతస్తు, రెండో అంతస్తు. మూడో అంతస్తులో బూట్లు కుట్టే ఆవిడ లేచి నిలబడింది. ఆ రోజునుంచీ ఆవిడ మలుపులోని కుర్చీని లోపలికి తీసుకోలేదు. మెట్లెక్కి దిగేవాళ్లెవరూ పక్కకు జరపలేదు, దాని మీద కూర్చోనూ లేదు. ఒంటిని గోడకు ఆనించి దాటిపోతున్నారు. ఇక రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఈవిడా అలాగే దాటాలి.

నెత్తి మీది మూటను ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి పొడి గోడకు ఆనించి, ఆవిడ పక్కకు ఒదిగి పైకి వెళ్లిపోయింది. వెలిసిపోయిన ఆ నీలం కుర్చీ మలుపులో, లిఫ్టు గుంత వైపు కొంచెం తిరిగి, అలాగే ఉంది.