మార్కులమ్మ

బీపీ మిషను చిన్న పట్టీని ఆమె రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, పసిబిడ్డ పాదం రుద్దినట్టు రుద్దుతూ ఉంది. పట్టీ చల్లగా తగిలితే పిల్లలు చేయి వెనక్కి లాక్కుంటారు. ఒకసారి లాక్కున్న చేతిని మళ్ళీ ఇప్పించాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. అందుకే పట్టీ వెచ్చబడేదాకా రుద్ది, ఒళ్ళో పెట్టుకుని, అప్పుడు తలుపు వైపు తిరిగి "రండమ్మా" అని పిలిచింది.

ఆ గది ఆసుపత్రి రెండో అంతస్తులో మెట్లెక్కగానే ఎడమ పక్కన ఉంటుంది. ఒక బల్ల, తల్లులకో కుర్చీ, పిల్లలకో పొట్టి కుర్చీ, గోడకి ఆనించి ఆమె ముక్కాలిపీట. కిటికీ అద్దానికి ఎవరో ఎప్పుడో అంటించిన కాగితం సీతాకోకచిలుక ఎండకి రంగు పోయి తెల్లబడింది. కడుపుతో ఉండగా బీపీ పెరిగి, ఒళ్ళు వాచి, నెలలు నిండకుండానే కాన్పు చేయాల్సి వచ్చిన తల్లులనీ, ఆ పిల్లలనీ ఏటా ఆ గదికి పిలిపిస్తారు. కడుపులో తగిలిన దెబ్బ బిడ్డ గుండెలోనూ మూత్రపిండాల్లోనూ ఎన్నేళ్ళదాకా మిగిలి ఉంటుందో తెలుసుకోవడం డాక్టర్ల పని. ఆ బిడ్డ ఏడవకుండా కుర్చీలో కూర్చునేలా చూడటం ఆమె పని. పేరుకి ఆయా ఉద్యోగమే గానీ, ఆమె రాని రోజున ఆ గదిలో వినబడేదంతా ఏడుపే.

ఆమె పద్ధతి ఒకటుంది. పిల్లకి కట్టే ముందు తల్లుల కోసం ఉన్న పెద్ద పట్టీని తన చేతికి కట్టించుకుంటుంది.

"చూడు, ముందు గట్టిగా పట్టుకుంటుంది. కాసేపటికి దానంతటదే వదిలేస్తుంది. దీనికి పళ్ళు లేవు, ముసల్ది," అంది ఆ రోజు కూడా, కుర్చీలో బిగుసుకుని కూర్చున్న ఎనిమిదేళ్ళ పిల్లతో. ఆ పిల్ల చూడటానికి ఐదేళ్ళదానిలా ఉంటుంది. మిషను బుసకొట్టింది, ఆగింది, తెర మీద అంకె వెలిగింది.

"మార్కులమ్మకి నూట తొంభై మూడు," అని చదివింది పిల్ల. "ప్రతిసారీ నీకే ఎక్కువ మార్కులొస్తాయి."

"మరి నేను నీకన్నా ముందు బళ్ళో చేరాను కదే. నీకు నాకంటే తక్కువే రావాలి. అదీ పందెం."

పిల్ల నవ్వి చేయి చాపింది. పక్కనున్న నర్సు ఎప్పటిలాగే మీట నొక్కి ఆ నూట తొంభై మూడుని చెరిపేసింది. చెరపకపోతే అది పిల్ల లెక్కలో కలిసిపోతుంది. చాలా ఏళ్ళ కిందట, ఆమె అంకె మొదటిసారి అంత పైకి పోయినప్పుడు, నర్సే అంది: "నువ్వు నవ్వుతూ మాట్లాడుతుంటే మిషను ఏదో ఒకటి చూపిస్తుందిలే అక్కా." అందులో కొంత నిజముంది. మాట్లాడుతుంటే అంకె కొంచెం పెరుగుతుంది. ఆ కొంచెం నిజంతోనే అందరూ సరిపెట్టుకున్నారు. ఇంకే తల్లికైనా ఆ అంకె వస్తే నర్సు కుర్చీ వెనక్కి తోసి డాక్టరమ్మ కోసం పరిగెత్తేది. ఆమెది మాత్రం పిల్లల్ని నవ్వించే అంకె.

తెల్లారినప్పటి నుంచీ ఆమెకి తల వెనక బండ పెట్టినట్టుంది. కిటికీ మీద ఒక సీతాకోకచిలుకకి బదులు రెండు కనబడుతున్నాయి. కళ్ళు నలుపుకుంటే ఒకటవుతుంది, మళ్ళీ రెండు.

"అక్కా, మొహం అదోలా ఉంది. ఇంటికి పోరాదూ. ఈ పూటకి నేను చూసుకుంటాలే," అంది నర్సు.

"నిద్ర చాల్లేదంతే," అంది ఆమె, పట్టీ రుద్దుతూ.

పోవడానికి వీల్లేదు. మధ్యాహ్నం కూతురు వస్తుంది.

ఆ కూతురు కూడా ఇలాంటి కాన్పులోనే పుట్టింది. ఏడో నెలలో ఆమె కాళ్ళు స్తంభాల్లా వాచి, ఫిట్సు వచ్చి, తల్లో బిడ్డో ఒకరే దక్కుతారన్నారు. ఇద్దరూ దక్కారు. దక్కారనే ఇన్నాళ్ళూ అనుకుంది. కానీ ఈ పరిశోధన మొదలైంది ఆ పిల్ల పుట్టిన చాలా ఏళ్ళకి. ఊళ్ళోవాళ్ళ పిల్లలందరి చేతులకీ పట్టీలు కట్టింది గానీ కన్నబిడ్డ చేతికి కట్టలేదు. అడిగితే పోయేదేముంది అని తనకి తానే చెప్పుకుంటూ, అడక్కుండానే ఏళ్ళు వెళ్ళదీసింది. ఈ మధ్య పొద్దున్నే కూతురి కళ్ళు ఉబ్బి ఉంటున్నాయి. కుట్టుపనికి కూర్చుంటే సూదిలో దారం ఎక్కించలేక విసుక్కుంటోంది. అలా కళ్ళు ఉబ్బిన పిల్లల్ని ఈ గదిలో ఎంతమందిని చూసిందో ఆమెకే తెలుసు. అప్పుడు డాక్టరమ్మని అడగడానికి నోరు పెగిలింది.

"తీసుకురా, చూస్తాను," అంది డాక్టరమ్మ. "శుక్రవారం మధ్యాహ్నం, పిల్లలందరూ వెళ్ళాక. ఆ తర్వాత నెల్లాళ్ళు నేను ఊళ్ళో ఉండను."

ఈ రోజే శుక్రవారం. కూతురు పిరికిది. తల్లి కనబడకపోతే గేటు దగ్గర్నుంచే వెనక్కి తిరిగిపోయే రకం. అందుకని ఆమె తలనొప్పిని పంటి బిగువున పట్టుకుని కూర్చుంది.

పక్క గదిలో డాక్టరమ్మ ఎనిమిదేళ్ళ పిల్ల తల్లికి ఎప్పుడూ చెప్పేదే చెబుతోంది. "ఆ బీపీ కాన్పుతోనే పోయిందనుకోవద్దు. బిడ్డని కనిపెట్టుకుని ఉండాలి, మిమ్మల్ని మీరూ కనిపెట్టుకుని ఉండాలి. ఇద్దరికీ ముప్పే." ఆ మాటలు ఆమెకి కంఠతా వచ్చు. వచ్చినా, ఎప్పుడు విన్నా మొదటి సగమే చెవిన పడేది. బిడ్డ అన్న మాట దగ్గరే మనసు ఇంటికి వెళ్ళిపోయేది.

పన్నెండు దాటాక కూతురు వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, లోపలికి రాకుండా పైట కొంగు వేలికి చుట్టుకుంటోంది. ఆమెకి ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది.

"రావే. ఇక్కడెవరూ కొట్టరు."

"నొప్పి పుడుతుందా?"

"ఇంత పిల్లలే నవ్వుతూ కట్టించుకుంటారు."

"అయితే ముందు నువ్వు కట్టించుకో," అంది కూతురు. ఇరవై ఏళ్ళది, పెళ్ళీడుది, ఆ పొట్టి కుర్చీ పిల్లలకి తీసిపోలేదు. నర్సు నవ్వుతూ ఆమె చేతికి పట్టీ చుట్టింది. ఈసారి మిషను చాలాసేపు బుసకొట్టింది. ఒకసారి సగం వదిలి, చాల్లేదన్నట్టు మళ్ళీ బిగించింది.

కూతురు తెర వైపు వంగింది. ఆ గది ఆటలు ఆ పిల్లకి తెలియవు.

"రెండొందలు దాటిందేంటమ్మా?"

"అది లెక్కలోకి రాదులేమ్మా," అంది నర్సు, మీట నొక్కి.

ఆమె అదే పట్టీ విప్పి, కాసేపు అరచేతుల్లో పెట్టుకుని, కూతురి చేతికి చుట్టింది. పట్టీ ఎలాగూ వెచ్చగానే ఉంది. అయినా రుద్దింది. కూతురి అంకె వచ్చేసరికి నర్సు ముఖంలో నవ్వు పోయింది. చెరిపే మీట మీదికి వేలు పోలేదు. డాక్టరమ్మని పిలిచింది.

డాక్టరమ్మ కూతురి కళ్ళ కింద నొక్కి చూసింది, పాదాల మీద వేలితో అదిమి చూసింది. వేలు తీశాక పాదం మీద గుంట అలాగే నిలిచింది.

"మూత్రం నురగగా వస్తోందా?"

కూతురు తలూపింది.

"ఎప్పటి నుంచి?"

"ఏమో మేడమ్. చాన్నాళ్ళయింది."

ఆమె కూతురి పాదం మీది గుంట వైపు చూసింది. చాన్నాళ్ళయిందట. ఒకే గదిలో పక్కపక్కనే పడుకుంటూ ఆ సంగతి తనకి తెలియలేదు.

"ఇంట్లో ఇంకెవరికైనా బీపీ ఉందా?" అని అడిగింది డాక్టరమ్మ, సూది తీస్తూ.

కూతురు తల్లి వైపు చూసింది. నోరు తెరవబోయింది. ఆమె కళ్ళతోనే వద్దని వారించింది. ఇప్పుడు తన సంగతెత్తితే డాక్టరమ్మ ఇటు తిరుగుతుంది. ఉన్నది ఈ ఒక్క పూట. ఇన్నేళ్ళకి దొరికిన చూపు పిల్ల మీద నుంచి తన మీదికి మళ్ళడం ఆమెకి ఇష్టం లేదు.

"ఎవరికీ లేదు మేడమ్," అంది.

డాక్టరమ్మ తల పంకించి, కూతుర్ని కిడ్నీల స్కానింగుకి పక్క గదిలోకి తీసుకెళ్ళింది. నర్సు కూడా రక్తం సీసాలు పట్టుకుని వెంట వెళ్ళింది.

"నువ్వూ రా అమ్మా," అంది కూతురు గుమ్మం దగ్గర ఆగి.

"నువ్వు పద. ఈ పట్టీలు సర్దేసి వస్తా."

కూతురు లోపలికి వెళ్ళేదాకా చూసింది. ఇక డాక్టరమ్మ వదలదు, ఏదో ఒకటి చేస్తుంది అనుకుంది. ముక్కాలిపీట మీద కూర్చుని, పెద్ద పట్టీని ఒళ్ళోకి తీసుకుని, తల గోడకి ఆనించింది. కిటికీ మీద సీతాకోకచిలుకలు రెండూ ఒకదాని మీద ఒకటి జరిగాయి. గోడ చల్లగా, హాయిగా ఉంది.

మోచేతి మడతలో దూది అదుముకుంటూ కూతురు తిరిగొచ్చేసరికి ఆమె అలాగే కూర్చుని ఉంది. ఒళ్ళో పట్టీ, పట్టీ మీద రెండు చేతులు. నిద్రపోతోందనుకుని కూతురు పక్కనే నిలబడి, లేపడానికి మనసొప్పక కాసేపు ఆగింది. తర్వాత భుజం మీద చెయ్యి వేసింది.

డాక్టరమ్మ చేయగలిగినవన్నీ చేసింది. ఆసుపత్రి మధ్యలో, డాక్టర్ల మధ్యలో పోయినా, పోయాక వాళ్ళు చేయగలిగేది ఎవరికైనా ఒకటే. చివరికి లేచి నిలబడి, "ఈమెకి బీపీ ఉండేదా?" అని అడిగింది. నర్సు మిషను వైపు చూసింది. అందులో ఆ ఉదయం వచ్చిన పిల్లల అంకెలున్నాయి, కూతురి అంకె ఉంది. ఆమెది ఒక్కటీ లేదు. మీట నొక్కిన తన చూపుడువేలిని నర్సు రెండో చేత్తో పట్టుకుని, గోడ వైపు తిరిగి ఏడ్చింది.

డాక్టరమ్మ ఊరి నుంచి తిరిగొచ్చాక కూతురు ఫలితాల కోసం వచ్చింది. ఈసారి గేటు దగ్గర్నుంచి పై అంతస్తుదాకా ఒక్కతే వచ్చింది. కిడ్నీలు సగానికి పైగా పాడయ్యాయంది డాక్టరమ్మ. మందులతో కొన్నాళ్ళు ఆపొచ్చు, బాగుచేయలేం అంది. ఇంట్లో ఎవరికైనా బీపీ ఉందా అని మళ్ళీ అడగలేదు. కూతురే చెప్పింది, మా అమ్మకుండేదని.

పక్కన పొట్టి కుర్చీలో ఎవరో పిల్ల చేయి వెనక దాచుకుని ఏడుస్తోంది. ముందు మార్కులమ్మకి కట్టమంటోంది. నర్సు చిన్న పట్టీని అరచేతుల్లో రుద్దుతూ నిలబడింది. గోడ పక్క ముక్కాలిపీట మీద పెద్ద పట్టీ ఉంది. ఎవరూ దాన్ని మడత పెట్టలేదు. లోపల చెయ్యి లేకపోయినా, ఏళ్ళ అలవాటుకి ఆమె చేతి లావుకే గుండ్రంగా చుట్టుకుని ఉంది.